పొడుం డబ్బా మీద రోమ్

చిన్నూ, అమ్ములూ,

మొన్న వీడియో కాల్‌లో అడిగారు కదా, "తాతయ్యా, లండన్ మ్యూజియంలో ఒక్క డబ్బా ముందు అంతసేపు ఎందుకు నిలబడిపోయావు?" అని. మీకేమో పక్క బిల్డింగ్‌లో డైనోసార్ల దగ్గరికి పోవాలని తొందర. ఇప్పుడు తీరిగ్గా చెప్తా.

అది ముక్కుపొడుం డబ్బా. మా తాతకీ ఒకటి ఉండేది, రేకుది. దీని మూత మీద మాత్రం రోమ్‌లోని కొలోసియం, అంటే పాతకాలపు పెద్ద గుండ్రటి పోటీల మైదానం ఉంది. కూలిన గోడలు, తోరణాలు, వెనక లేత నీలం ఆకాశం. రంగులేసిన బొమ్మే అనుకున్నా. పేపర్ చదువుకునే భూతద్దం జేబులోంచి తీసి చూస్తే కుంచె గీత ఒక్కటీ లేదు. అన్నీ గాజు ముక్కలే! ఒక్కోటి ఆవగింజ కన్నా చిన్నది. మంచి పనితనం ఉన్నవాటిలో చదరపు అంగుళంలోనే వెయ్యికి పైగా ముక్కలుంటాయి. దీన్ని మైక్రోమొజాయిక్ అంటారు. ఆ పేరు ఈమధ్యదే, ఇలాంటివి సేకరించిన ఆర్థర్ గిల్బర్ట్ పెట్టాడు. పని మాత్రం 250 ఏళ్ల నాటిది.

రోమ్‌లో సెయింట్ పీటర్స్ అనే పెద్ద చర్చి ఉంది. అక్కడి చిత్రాలు తేమకి పాడవుతున్నాయని వాటి బదులు గాజు మొజాయిక్‌లు పెట్టారు. ఆ పనివాళ్లకి 1727లో వాటికన్‌లో ఒక వర్క్‌షాప్ ఏర్పడింది. పెద్ద పనులు తగ్గాక కొందరి చూపు చిన్నవాటి మీద పడింది. జాకోమో రఫాయెల్లి అనే ఆయన 1775లో తన చిట్టి మొజాయిక్‌లు జనానికి చూపించాడు.

లడ్డూలకి అమ్మమ్మ పాకం చూసేటప్పుడు వేళ్ల మధ్య తీగ సాగుతుంది కదా, రంగు గాజునీ అలాగే మంటలో కరిగించి సన్నటి పుల్లలుగా లాగేవాళ్లు. ముక్కలు చేసి, రాగి పలక మీద జిగురు పూసి, పట్టకారుతో ఒక్కొక్కటే నాటేవాళ్లు. ఆ జిగురు మెల్లగా ఆరేది. ముక్క తప్పు పడితే పీకి మార్చుకోవాలిగా! సందుల్లో అదే రంగు మైనం నింపి, చివర్లో అరగదీసేవాళ్లు. మన పాత ఇంటి మొజాయిక్ గచ్చుకి మిషన్‌తో పాలిష్ పట్టారు చూశారా, అదే పని, అరచేతిలో.

కొనుక్కున్నది రోమ్ చూడ్డానికొచ్చిన డబ్బున్నవాళ్లు. అప్పటికి కెమెరాలు లేవు మరి. నేను కొన్న ఫ్రిజ్ మాగ్నెట్ లాంటిదే అనుకోండి, కాకపోతే నాది రెండు నెలల్లో రంగు పోయింది.

నన్ను ఆపేసింది గోడల మీది పచ్చదనం. ఆ రోజుల్లో కొలోసియం నిండా మొక్కలే. రిచర్డ్ డీకిన్ అనే ఇంగ్లీషు డాక్టరు అక్కడ 420 రకాలు గుర్తించి 1855లో పుస్తకం వేశాడు. 1870 తర్వాత వాటిని పీకి శుభ్రం చేశారు. ఫోరమ్ అనే పాత రోమ్ నగర కూడలి సగం మట్టిలో కూరుకుపోయి ఉండేది. పశువులు మేస్తుండేవి, జనం దాన్ని 'ఆవుల మైదానం' అనేవాళ్లు. తర్వాత ఆ మట్టీ తవ్వేశారు. ఇప్పుడు రోమ్ వెళ్తే అంత పచ్చదనమూ లేదు, ఆవులూ లేవు.

పక్క డబ్బా మీద ఫోరమ్ బొమ్మ ఉంది. మూలన ఒక తెల్లావు. తలకి మూడే గాజు ముక్కలు. కొమ్ములకి ఎన్ని వాడాడో లెక్కపెట్టేలోపే మీరు చెయ్యి పట్టి లాగేశారు.

మీ తాతయ్య