వెనక్కి తిరిగిన విమానం వెనకున్న లెక్క

2025 మార్చి 5న షికాగో నుంచి ఢిల్లీకి బయల్దేరిన ఎయిర్ ఇండియా ఏఐ-126 పది గంటలు ఎగిరి మళ్లీ షికాగోలోనే దిగింది. గాల్లోకి లేచిన గంటా నలభై ఐదు నిమిషాలకు కొన్ని టాయిలెట్లు పనిచేయడం లేదని క్యాబిన్ సిబ్బంది గమనించారు. తర్వాత ఒకటొకటిగా మొరాయిస్తూ పోయి, మొత్తం 12లో 8 మూతబడ్డాయి. పైపుల్లో పాలిథిన్ కవర్లు, పాత గుడ్డలు, బట్టలు ఇరుక్కున్నాయని విమానం దిగాక తేలింది. సంగతి ముదిరేసరికి విమానం అట్లాంటిక్ మీద ఉంది. అప్పుడు కెప్టెన్ విమానం ముక్కు తిప్పి, వచ్చిన దారినే వెనక్కి నడిపించాడు.

అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఇలాంటి వార్త చదవగానే వచ్చే ప్రశ్న ఒకటే. ఐదు గంటలు వెనక్కి రావడమెందుకు, దారిలో ఏ లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దింపి, బాగుచేసుకుని వెళ్లొచ్చు కదా? వెనక్కి తిప్పింది డబ్బు మిగుల్చుకోవడానికేనని కొందరు తేల్చేస్తారు కూడా. కానీ ఐదు గంటల వెనుక ప్రయాణానికే ఈ విమానం దాదాపు 40 టన్నుల ఇంధనం తాగుతుంది. ఆ ఖర్చుకు ఒప్పుకుని వెనక్కి తిప్పారంటే, ముందుకెళ్లి దిగాక ఎదురయ్యే చిక్కులు అంతకన్నా పెద్దవని లెక్క తేలిందన్నమాట.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. విమానంలో వచ్చే సమస్యలు రెండు రకాలు. ప్రయాణికుడికి గుండెపోటు, క్యాబిన్‌లో పొగ, కార్గో అరలో మంట, రెండు ఇంజన్లలో ఒకటి ఆగిపోవడం, ఇవి గడియారంతో పోటీ పడేవి. వీటికి చెక్‌లిస్ట్‌లో రాసి ఉండే మాట 'దగ్గర్లోని అనువైన విమానాశ్రయంలో దిగు'. ఇక్కడ కంపెనీ సౌకర్యం, వీసాలు, హోటళ్లు ఏవీ లెక్కలోకి రావు. రెండో రకంలో విమానం భద్రంగానే ఎగురుతూ ఉంటుంది. టాయిలెట్లు పోవచ్చు, వెదర్ రాడార్ పనిచేయకపోవచ్చు, గమ్యంలో విమానాశ్రయమే మూతపడొచ్చు. అప్పుడు 'ఎక్కడ తొందరగా దిగగలం' అన్నది అసలు ప్రశ్న కాదు. 'ఎక్కడ దిగితే ఈ మూడు వందల మందీ తొందరగా ఇల్లు చేరతారు' అన్నదే ప్రశ్న. గంటల తరబడి ఎగిరాక వెనక్కి తిరిగే విమానాలు చాలావరకు ఈ రెండో రకానివే.

మ్యాప్‌లో విమానాశ్రయమంటే ఒక చుక్క. విమానానికి మాత్రం రన్‌వే ఒక్కటే చాలదు. ఏఐ-126గా నడిచిన బోయింగ్ 777-300ఈఆర్ పొడవు దాదాపు 74 మీటర్లు, తలుపు గడప నేలకు సుమారు ఐదు మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తుకు చేరే నిచ్చెన బండ్లు కావాలి. సామాను డబ్బాలను దించే హైలోడర్, విమానాన్ని లాగడానికి ముందు చక్రానికి తగిలించే టో బార్ అనే కడ్డీ, బయటినుంచి కరెంటిచ్చే యూనిట్, మురుగు ట్యాంకు ఖాళీ చేసే బండి కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ రకం విమానానికి లైసెన్సు ఉండి, ఆ కంపెనీ అధికారమిచ్చిన ఇంజనీరు కావాలి. మరమ్మతు ఎంత చిన్నదైనా ఆయన సంతకం పడేదాకా విమానం కదలదు. అలాంటి మనిషి ఆ ఊళ్లో లేకపోతే ఎక్కడినుంచో విమానమెక్కి రావాలి, విడిభాగం కూడా ఆయనతోపాటే రావాలి.

దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ మగదాన్. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా ఏఐ-173లో ఒక ఇంజన్‌కు సమస్య వచ్చింది. అది మొదటి రకం సమస్య కాబట్టి, రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగారు. అది సరైన నిర్ణయమే. విమానంలో 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఆ ఊళ్లో కంపెనీ మనిషి ఒక్కడూ లేడు. అందరికీ చాలినన్ని హోటల్ గదులు లేక, చాలామందిని తాత్కాలిక వసతుల్లో నేలమీద పరుపులు వేసి పడుకోబెట్టారు. ఇంకో బోయింగ్ 777 ముంబై నుంచి ఆహారంతో, అవసరమైన సరంజామాతో బయల్దేరి మగదాన్ చేరి, వీళ్లను ఎక్కించుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో దింపేసరికి జూన్ 8 వచ్చింది. గండం తప్పించుకోవడానికి మగదాన్ మంచి చోటు. టాయిలెట్ చెడిపోయినందుకు అక్కడ దిగుతామా?

సముద్రాల మీదుగా వెళ్లే ప్రతి జంట ఇంజన్ల విమానానికీ ఇలాంటి ఊళ్ల జాబితా బయల్దేరకముందే సిద్ధంగా ఉంటుంది. ఒకప్పుడు ఒక్క ఇంజన్‌తో 60 నిమిషాల్లో చేరగల విమానాశ్రయం ఎప్పుడూ అందుబాటులో ఉండాలన్నది నియమం. 1985లో దాన్ని కొన్ని విమానాలకు 120 నిమిషాలకు, 1988లో 180 నిమిషాలకు పెంచారు. అట్లాంటిక్ మీద ఆ జాబితాలో తరచు కనిపించే పేర్లు కెనడాలోని గాండర్, గూస్ బే, ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్, ఐర్లాండ్‌లోని షానన్. ఆ పూట అక్కడి వాతావరణం, రన్‌వే, అగ్నిమాపక దళం సరిపోతాయో లేదో డిస్పాచర్, అంటే నేలమీద కూర్చుని ప్రయాణ ప్లాను వేసే కంపెనీ మనిషి, చూసి మరీ రాస్తాడు. అయితే అది ప్రాణాలు కాపాడుకునే చోట్ల జాబితా, ప్రయాణం కొనసాగించే చోట్లది కాదు. 2001 సెప్టెంబర్ 11న అమెరికా గగనతలం మూసేసినప్పుడు గాండర్‌లో 38 విమానాలు దిగాయి. దాదాపు 6,600 మందిని, సుమారు పదివేల జనాభా ఉన్న ఆ ఊరు రోజుల తరబడి బడుల్లోనూ చర్చిల్లోనూ ఇళ్లలోనూ పెట్టుకుని సాకింది. ఆ ఊరి మంచితనాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే, కానీ దాన్ని నమ్ముకుని మామూలు రోజు ప్లాను వేయలేం.

ఇక బరువు. చాలామందికి తెలియని సంగతి ఇది. 777-300ఈఆర్ 351 టన్నుల బరువుతో పైకి లేవగలదు, దిగేటప్పుడు మాత్రం 251 టన్నులు మించకూడదు. మధ్యనున్న 100 టన్నులూ దారిలో కాలిపోవాల్సిన ఇంధనం. 340 టన్నులతో బయల్దేరిన విమానం గంటకు సుమారు 8 టన్నుల చొప్పున కాలుస్తుందనుకుందాం. రెండు గంటలకు 324 టన్నులుంటుంది. అప్పుడు దిగాలంటే 70 టన్నులకు పైగా ఎక్కువ. ఆ ఇంధనాన్ని రెక్కల వెనక అంచున ఉన్న గొట్టాల నుంచి గాల్లోకి వదిలేయాలి. నిమిషానికి రెండు టన్నుల లెక్కన అరగంట దాటుతుంది. అదే ఐదు గంటలు ముందుకెళ్లి, ఐదు గంటలు వెనక్కి వస్తే 80 టన్నులు కాలిపోయి, బరువు 260కి దిగుతుంది. వదిలేయాల్సింది తొమ్మిది టన్నులే. వెనక్కి వచ్చే ఆ గంటలు విమానాన్ని దిగడానికి తగినంత తేలిక చేస్తాయి.

మంటలాంటి ప్రమాదమైతే ఇంధనం వదలకుండా బరువుతోనే దిగొచ్చు, దానికి అనుమతి ఉంది. కానీ తర్వాత ల్యాండింగ్ గేర్, టైర్లు, రెక్కల మొదళ్లు క్షుణ్ణంగా తనిఖీ చేయాలి. బ్రేకులు మరీ వేడెక్కితే చక్రాల్లోని ఫ్యూజ్ ప్లగ్గులు కరిగి, టైర్లు పేలకుండా గాలి వదిలేస్తాయి. అప్పుడు ఆ చక్రాలన్నీ మార్చాలి. ఆ చక్రాలు, జాకీలు, ఇంజనీరు లేని ఊళ్లో ఆ పని చేసుకోవాల్సి వస్తే ఎన్ని రోజులో చెప్పలేం.

'సగం దూరం వెళ్లాక వెనక్కెందుకు' అనేవాళ్లు గాలిని మరిచిపోతారు. గాండర్ నుంచి షానన్‌కు దాదాపు 3,200 కిలోమీటర్లు. నడిమధ్య 1,600 దగ్గర. కానీ అట్లాంటిక్ మీద ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. విమానం వేగం గంటకు 900, గాలి 150 అనుకుంటే, ముందుకు 1,050, వెనక్కి 750. రెండు వైపులకూ సమాన సమయం పట్టే బిందువు గాండర్ నుంచి 1,333 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. అక్కడినుంచి ఎటు వెళ్లినా గంటా నలభై ఏడు నిమిషాలే. దూరాన్ని రెండు వేగాల మొత్తంతో భాగించి, వెనుక వేగంతో గుణిస్తే వచ్చే లెక్క ఇది. ప్లానులో ప్రతి జంట విమానాశ్రయాల మధ్యా ఈ బిందువు ముందే రాసి ఉంటుంది. సమస్య తొందరదైతే ఈ బిందువుకు ఏ వైపున ఉన్నామన్నదే నిర్ణయం. తొందరది కాకపోతే ఈ బిందువును దాటి వెళ్లాక కూడా వెనక్కి రావడమే మేలు కావచ్చు.

మనుషుల గడియారం సంగతి. పద్నాలుగు గంటల విమానంలో నలుగురు పైలట్లుంటారు, వంతులవారీగా విమానంలోని పడకల మీద పడుకుంటారు. వాళ్ల డ్యూటీ లెక్క విమానం లేచినప్పటి నుంచి కాదు, విమానాశ్రయంలో రిపోర్టు చేసినప్పటి నుంచి మొదలవుతుంది. దానికో గరిష్ఠ పరిమితి ఉంది. దారిలో దిగి, మరమ్మతుకు నాలుగు గంటలు పోతే ఆ పరిమితి దాటిపోతుంది. విమానం సిద్ధంగా ఉన్నా నడిపే అర్హత వాళ్లకుండదు. అదే కంపెనీ రోజూ విమానం నడిపే ఊరైతే, ముందు విమానం తెచ్చిన సిబ్బంది అక్కడి హోటల్లో విశ్రాంతి తీసుకుంటూ ఉంటారు. షికాగో ఎయిర్ ఇండియాకు సొంత ఊరు కాకపోయినా ఈ వసతి ఉంది. బండ్లు, ఇంజనీర్లు, సిబ్బంది, ఇతర విమానాల్లో సీట్లు, టికెట్లు మార్చే కౌంటరు అన్నీ ఉన్నాయి.

ఏఐ-126 విషయంలో యూరప్ నగరాలు పరిశీలనకు వచ్చాయి. చాలా విమానాశ్రయాల్లో రాత్రి ఆంక్షలున్నందున షికాగోకే మళ్లామని కంపెనీ ప్రకటించింది. ఫ్రాంక్‌ఫర్ట్‌నే తీసుకుంటే రాత్రి 11 నుంచి తెల్లవారి 5 వరకు మామూలు రాకపోకలు బంద్. ప్రాణాపాయమైతే ఎప్పుడైనా దిగనిస్తారు, చెడిన టాయిలెట్లు ఆ కిందికి రావు. దిగాక వీసా చిక్కు వేరే. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు, యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా లేకపోతే హోటల్‌కు వెళ్లే దారి మామూలుగా ఉండదు. చంటిపిల్లల తల్లులు, తొలిసారి విమానమెక్కిన అమ్మానాన్నలు ట్రాన్సిట్ హాల్లో కుర్చీల మీద రాత్రి గడపాలి.

టాయిలెట్లను గాల్లోనే ఎందుకు బాగుచేయలేరని అడగొచ్చు. విమానంలో నీళ్లతో తోసేయరు, గాలితో లాగుతారు. ఎత్తులో బయట గాలి పీడనం తక్కువ, క్యాబిన్‌లో ఎక్కువ. ఆ తేడాయే మలాన్ని పైపులోంచి ట్యాంకుకు ఈడ్చుకుపోతుంది. నేలమీద, తక్కువ ఎత్తులో ఆ తేడా చాలదు కాబట్టి మోటారు తోడుంటుంది. కొన్ని టాయిలెట్లకు కలిపి ఒకే పైపు ఉంటుంది. ఒక గుడ్డ అందులో అడ్డుపడితే వరుసగా అన్నీ మూతబడతాయి. ఆ పైపులు ప్యానెళ్ల వెనక, నేల కింద ఉంటాయి, క్యాబిన్ సిబ్బందికి చేయి అందదు. డైపరైనా, ప్లాస్టిక్ కవరైనా పక్కనున్న చెత్తబుట్టలోనే వేయాలని పెద్దవాళ్లకు ఓపిగ్గా చెప్పి పంపడం మన చేతిలో ఉన్న పని.

నిర్ణయం కెప్టెన్‌దే, కానీ ఆయన ఒంటరిగా తీసుకోడు. శాటిలైట్ ఫోన్లో, డేటా సందేశాల్లో కంపెనీ ఆపరేషన్స్ కంట్రోల్‌తో మాట్లాడతాడు. అక్కడ డిస్పాచర్ ఇంధనం, గాలి చూస్తాడు, మెయింటెనెన్స్ వాళ్లు విడిభాగం ఎక్కడుందో చూస్తారు, సిబ్బంది విభాగం డ్యూటీ గంటలు లెక్కేస్తుంది. ఒప్పుకున్నాక కూడా సముద్రం మీద ఉన్నచోటే గిరుక్కున తిరగడం కుదరదు. అదే దారిలో వెనకాల వేరే విమానాలు వస్తుంటాయి. కొత్త దారికి, కొత్త ఎత్తుకు ముందు అనుమతి తీసుకోవాలి. అది అందకముందే తప్పనిసరైతే కనీసం 30 డిగ్రీలు పక్కకు మళ్లి, దారికి 5 నాటికల్ మైళ్లు, అంటే 9 కిలోమీటర్లకు పైగా ఎడంగా జరిగి, ఎత్తు మార్చుకున్నాకే వెనక్కి తిరగాలి.

గమ్యమే మూతపడితే ఈ లెక్క ఇంకా తేటగా కనిపిస్తుంది. 2023 ఫిబ్రవరిలో ఆక్లాండ్ నుంచి న్యూయార్క్ వెళ్తున్న ఎయిర్ న్యూజిలాండ్ విమానం పసిఫిక్ మీద ఉండగా, అక్కడి జేఎఫ్‌కే విమానాశ్రయం టెర్మినల్‌లో కరెంటు పోయింది. ఎనిమిది గంటలు ఎగిరాక వెనక్కి తిరిగి, మొత్తం పదహారు గంటలకు ఆక్లాండ్‌లోనే దిగింది. అమెరికాలో వేరే ఊళ్లో దించితే విమానం రోజుల తరబడి అక్కడే ఉండిపోయి, మిగతా సర్వీసులూ దెబ్బతింటాయని కంపెనీ చెప్పింది.

హైదరాబాద్‌కూ ఈ అనుభవముంది. 2025 జూన్ 15న ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి శంషాబాద్‌కు బయల్దేరిన లుఫ్తాన్సా విమానం, హైదరాబాద్ విమానాశ్రయానికి బాంబు బెదిరింపు ఈమెయిల్ రావడంతో గాల్లోనే తిరిగి ఫ్రాంక్‌ఫర్ట్ చేరింది. అప్పటికింకా అది భారత గగనతలంలోకి రాలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ లుఫ్తాన్సాకు సొంత ఇల్లు.

అంతకు రెండు రోజుల ముందు, జూన్ 13న ఇరాన్ గగనతలం మూతపడినప్పుడు ఎయిర్ ఇండియా విమానాలు ఒకేరోజు రెండు తీర్లుగా నడిచాయి. ముంబై నుంచి లండన్‌కు, న్యూయార్క్‌కు బయల్దేరినవి మళ్లీ ముంబైకే వచ్చాయి. పడమర నుంచి మన దేశానికి వస్తున్న విమానాలు దారిలోనే దిగాల్సి వచ్చింది. వాటిలో కొన్ని వియన్నాలో, కొన్ని జెడ్డాలో, కొన్ని షార్జాలో దిగాయి.