విటెనూమ్: ఊరు పోయింది, రాతినార గుట్టలు మిగిలాయి

పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ నగరానికి ఉత్తరాన దాదాపు 1,100 కిలోమీటర్ల దూరంలో, పిల్బరా ఎర్రకొండల అంచున ఉండిన విటెనూమ్ అనే చిన్న ఊరిని ఆ రాష్ట్ర పార్లమెంటు 2022లో ప్రత్యేక చట్టం చేసి మూసివేసింది. అదే ఏడాది చివరి నివాసిని ఖాళీ చేయించారు. మరుసటి ఏడాది మిగిలిన కట్టడాలను నేలమట్టం చేశారు. ఊరికి ఎగువనున్న లోయలో మాత్రం సుమారు 30 లక్షల టన్నుల రాతినార (ఆస్బెస్టాస్) వ్యర్థం గుట్టలుగా అలాగే ఉంది. దానిని ఎవరు తీయాలి, ఎలా తీయాలి అన్నదే నేటి వివాదం.

రాతినార తెలుగువారికి కొత్త కాదు. మన పల్లెల్లో ఇళ్లపై పరిచిన సిమెంటు రేకుల్లో కలిసేది అదే. కడప జిల్లా పులివెందుల పరిసరాల్లో దానిని తవ్వారు కూడా. అయితే అక్కడిది తెల్ల రకం, విటెనూమ్‌లో దొరికినది నీలి రకం. రెండూ హానికరమే గాని, నీలి రకపు పోగులు సూదుల్లా సన్నగా ఉండి, ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగి, దశాబ్దాల తరబడి కరగకుండా నిలిచిపోతాయి. ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడడానికి ముప్పై, నలభై ఏళ్లయినా పట్టవచ్చు. విటెనూమ్ కథ ఇంత కాలం సాగడానికి మూలం ఈ జాప్యమే.

పశువుల క్షేత్రం నడుపుతున్న లాంగ్ హాన్‌కాక్ 1930లలో ఇక్కడ తవ్వకం మొదలుపెట్టాడు. యుద్ధకాలపు గిరాకీని చూసి, అప్పటిదాకా పంచదార వ్యాపారంతో పేరుపడిన సీఎస్ఆర్ కంపెనీ 1943లో తన అనుబంధ సంస్థ ద్వారా గనిని చేతిలోకి తీసుకుంది. కార్మికుల కోసం 1947లో ఊరు వెలసింది. యుద్ధానంతరం ఇటలీ తదితర యూరప్ దేశాల నుంచి వలస వచ్చినవారు పెద్ద సంఖ్యలో ఇక్కడ పనికి కుదిరారు. 1950లలో పిల్బరాలో ఇదే పెద్ద ఊరు. గని మూతపడేనాటికి అక్కడ పనిచేసి వెళ్లినవారు దాదాపు 7,000 మంది.

ప్రమాదం ఎవరికీ తెలియదన్న వాదన నిలవదు. ఎరిక్ సెయింట్ అనే వైద్యుడు 1948లోనే గనిని చూసి, ఆ ధూళి ఎంత ప్రాణాంతకమో ప్రభుత్వ ఆరోగ్యశాఖకు తెలియజేశాడు. అయినా రాతి నుంచి నారను వేరుచేసే మిల్లులో ధూళి తగ్గలేదు సరికదా, మిల్లు వదిలిన వ్యర్థాన్ని చవగ్గా దొరికే గులకగా భావించి వీధుల్లో, ఇళ్ల పెరళ్లలో, బడి ఆవరణలో, గుర్రప్పందేల మైదానంలో పరిచారు. గని గడప తొక్కని గృహిణులకు, ఆ పొడిలో ఆడుకున్న పిల్లలకు తర్వాతి కాలంలో వ్యాధి రావడానికి కారణం ఇదే. నన్ను అడిగితే, గని లోపలి నిర్లక్ష్యం కంటే ఈ పరచడమే క్షమించరానిది.

1966లో గని మూతపడింది, ఆరోగ్య కారణాలతో కాదు, నష్టాలు భరించలేక. ప్రభుత్వం 1978 నుంచి జనాన్ని తరలించడం మొదలుపెట్టింది. 2006లో కరెంటు ఆపివేసింది. 2007లో ఊరి హోదాను రద్దుచేసి, పేరును అధికారిక పటాల నుంచి తొలగించింది. ఈలోగా బాధితులు కోర్టుకెక్కారు. వ్యాధి ముదిరి, కేసు తేలేలోపే వాది కన్నుమూసే దావాల్లో గెలుపు తేలిక కాదు. 1988లో గాని కంపెనీపై తీర్పులు రాలేదు. అక్కడ పనిచేసినవారిలో, నివసించినవారిలో రాతినార వ్యాధులతో మరణించినవారు రెండు వేలకు పైగానే ఉంటారని అంచనా.

ఈ నేల మొదటి నుంచీ బంజిమా ఆదివాసులది. వారి స్థానిక హక్కును ఫెడరల్ కోర్టు 2014లో గుర్తించింది. అయితే హక్కు దక్కిన ఆ భూమిలోనే వేల హెక్టార్లు ప్రవేశించరాని కలుషిత ప్రాంతంగా ఉన్నాయి. వర్షాకాలపు తుపానులు వచ్చినప్పుడల్లా వాగులు గుట్టలను కోస్తూ పోగులను దిగువనున్న ఫోర్టెస్క్యూ నది వైపు మోసుకుపోతున్నాయి. ఊరిని కూల్చడంతో సరిపెట్టక గుట్టలను కూడా శుభ్రం చేయాలని, తమ పూర్వికుల స్థలాలకు మళ్లీ వెళ్లగలగాలని బంజిమాలు కోరుతున్నారు.