సున్నం ఉడుకుతుంటే నిప్పు ఎక్కడుంది?

పర్లాకిమిడిలో మా ఇంట్లో నెలగంట పెట్టారంటే పండక్కి గోడలకు వెల్ల పడాల్సిందే. నాన్న పాతపట్నం నుంచి సున్నపు గడ్డలు తెచ్చేవారు. పెరట్లో పాత రేకు డబ్బాలో నీళ్లు పోసి ఒక్కో గడ్డ అందులో వేస్తుంటే ముందు చుయ్‌మనేది, కాసేపటికి కుతకుతా ఉడికి ఆవిరి లేచేది. మామ్మేమో "దూరం జరగండ్రా, కళ్లు పోతాయి" అని ఒకటే కేకలు. ఒకసారి బద్ధకించి ప్లాస్టిక్ బకెట్లో కలిపాను, అడుగు మెత్తబడి సొట్టపోయింది.

కింద పొయ్యి లేదు, పుల్ల లేదు. మరి ఆ వేడి ఎక్కడిది?

బట్టీది. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది. 100 గ్రాముల రాయి అలా విడిపోవడానికి 178 కిలోజౌళ్ల వేడి మింగుతుంది. బట్టీలోంచి తీశాక గడ్డ చల్లారుతుంది, నిజమే, కానీ చల్లారేది పైపై వేడే. విడిపోవడానికి పట్టిన వేడి ఎక్కడికీ పోదు, తడి తగలకుండా సంచిలో కట్టి మూలన పడేసినా గడ్డలోనే ఉంటుంది. మూత లేని డబ్బాలో, మామూలు గాలి పీడనం దగ్గర, పదార్థం పుచ్చుకున్న వేడికీ వదిలిన వేడికీ రాసుకునే ఈ పద్దునే ఎంథాల్పీ మార్పు అంటారు. పేరు చూసి భయపడనక్కర్లేదు, కిరాణా కొట్టు ఖాతా లాంటిదే.

ఆ 100 గ్రాముల రాయి నుంచి వచ్చేది 56 గ్రాముల పొడిసున్నం. అది నీళ్లతో కలిస్తే 65 కిలోజౌళ్లు తిరిగిస్తుంది. కిలో గడ్డలకైతే దాదాపు 1160. 30 డిగ్రీల నీళ్లు లీటరు మరగడానికి 293 చాలు కాబట్టి, వేడి బయటికి పోకపోతే నాలుగు లీటర్లు మరిగిపోతాయి! అందుకే గడ్డల మీద కొద్దికొద్దిగా నీళ్లు చల్లకూడదు, ఎగిరి ముఖాన పడుతుంది. ఎక్కువ నీళ్లలో గడ్డ వేయాలి.

మరి 178లో 65 పోతే మిగిలిన 113 ఏమైనట్టు? గోడ దగ్గర ఉంది. వేసిన వెల్ల గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతూ ఆ 113 వదిలేస్తుంది. ఒక్క అడుగులో వెళ్లినా రెండడుగుల్లో వెళ్లినా మొత్తం వేడి మారదని 1840లో హెస్ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పింది ఇదే. సున్నపురాయి నుంచి పోయే ఆ వాయువుని 1756లోనే వివరించిన శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్, ఆ తర్వాత నీటి ఆవిరిలో దాగే గుప్తోష్ణం మీదా పనిచేశాడు. నాకు మాత్రం ఈ రెండూ మా గోడ మీదే కలిసినట్టనిపిస్తుంది.

ఎందుకంటే 113 వదులుతున్నా గోడ కాలదు. పూత పలచన, పని రోజుల తరబడి సాగుతుంది, వచ్చిన వేడిని గాలి ఎప్పటికప్పుడు పట్టుకుపోతుంది. పైగా తడి ఆరేటప్పుడు గ్రాము నీటికి రమారమి 2.4 కిలోజౌళ్లు ఆ గోడ నుంచే లాగేస్తుంది. వెల్ల వేసిన సాయంత్రం మామ్మ గోడకి వీపు ఆనించి "ఎంత చల్లగుందిరా" అనేది, చీరంతా తెల్లగా అంటుకున్నా సరే.