ఉపగ్రహానికి అందని లోతుల్లో

జువ్వలదిన్నె, కొత్తపట్నం లాంటి ఊళ్ల నుంచి వేటకెళ్లేవాళ్లకు చేపలు ఎక్కడ దొరకొచ్చో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ చెబుతుంది. ఉపగ్రహాలకు కనిపించే నీటి ఉష్ణోగ్రత, రంగును బట్టి ఆ అంచనా వేస్తారు. రంగును బట్టి నీటిలో సూక్ష్మమైన నాచు ఎంత ఉందో తెలుస్తుంది. నాచు ఉన్నచోటికి కవళ్లు, వాటి వెనకే వంజరం చేరతాయి. మంచి పద్ధతే, కానీ ఉపగ్రహం చూపు పైపొర దాటి పోదు.

బంగాళాఖాతంలో ఇది పెద్ద చిక్కు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు ఉప్పునీటికంటే తేలిక, అందుకే పైనే నిలుస్తుంది. దానివల్ల పైనీరు, కిందినీరు సరిగా కలవవు. సుమారు వంద మీటర్లు దాటాక ఆక్సిజన్ బాగా పడిపోతుంది. చేపకు ఊపిరాడే నీరు ఎంత లోతు వరకు ఉందో తెలియాలంటే దిగి చూడాల్సిందే.

అలా దిగే రోబోల్లో ఒకటి గ్లైడర్. చాలావాటికి ప్రొపెల్లర్ ఉండదు. లోపలి నూనెను బయటి సంచిలోకి పంపితే బరువు మారకుండానే దాని పరిమాణం పెరిగి పైకి తేలుతుంది, వెనక్కి లాగితే మునుగుతుంది. ఇలా తేలుతూ మునుగుతూ ఉంటే రెక్కలు దాన్ని ముందుకు నడిపిస్తాయి. వేగం గంటకు కిలోమీటరు పైచిలుకే. ఆ నిదానం వల్లే బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. నీటి కింద జీపీఎస్ అందదు కాబట్టి దిక్సూచి ఆసరాతో తన దారి తానే చూసుకుంటుంది. పైకి తేలినప్పుడు ఉప్పదనం, ఆక్సిజన్ లెక్కలను ఉపగ్రహం ద్వారా పంపుతుంది.

ప్రాణులనే దగ్గరగా చూడాలంటే? అమెరికా శాస్త్రవేత్తలు తయారుచేసిన మెసోబాట్ అనే మరో రోబో ఆ పని చేస్తుంది. లోతుల్లో బతికే చాలా జీవులకు ఎరుపు కనిపించదు కాబట్టి దానికి ఎర్ర దీపాలు పెట్టారు. నీటిని పెద్దగా కదిలించకుండా ప్రొపెల్లర్లు నెమ్మదిగా తిరుగుతాయి. కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో అది ఒక జెల్లీచేపను బెదరగొట్టకుండా వెంబడించింది. నాకు బాగా నచ్చింది ఈ జాగ్రత్తే. వెలుగుకో చప్పుడుకో పారిపోయిన జీవి లెక్కలోకే రాదు.

మన తీరంలో ఇలాంటి యంత్రాలకు వలల బెడద ఉంటుంది. అందుకే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంతో మరబోట్లు ఆగిపోయినప్పుడు ఇక్కడ గ్లైడర్‌ను ఒకసారి నడపాలి. అక్టోబర్, నవంబర్‌లలో తీరప్రవాహం ఉత్తరాది నదుల నీటిని మనవైపు మోసుకొచ్చేటప్పుడు ఇంకోసారి నడపాలి. అప్పుడు వేట సాగుతుంటుంది కాబట్టి దాని దారి మత్స్యకారులకు ముందే చెప్పాలి. వాళ్లకు అందే సమాచారంలో ఆక్సిజన్ లెక్కలనూ కలపాలి.