నిద్ర లేపి పిలిస్తే సరిపోతుందా? ఒక్క పైలట్ వాదన వెనక కథ

విమానం పైకెక్కి నిలకడగా సాగుతున్నంతసేపు కాక్‌పిట్‌లో ఒక్క పైలట్ ఉంటే చాలు, రెండోవారు వెనక పడుకోవచ్చు అన్న వాదన మళ్లీ మొదలైంది. కాక్‌పిట్‌లో మనుషులు తగ్గడం కొత్తేమీ కాదంటారు ఈ వాదన చేసేవాళ్లు. ఒకప్పుడు ఉండే రేడియో ఆపరేటర్, దారి లెక్కలు చూసే నావిగేటర్ ఎప్పుడో తప్పుకున్నారు. ఇంజిన్లు, ఇతర వ్యవస్థలు చూసుకునే ఫ్లైట్ ఇంజినీర్ లేకుండా ఇద్దరు పైలట్లతో నడిపినా భద్రతకు ఢోకా లేదని 1981లో అమెరికా అధ్యక్షుడు వేసిన కమిటీ తేల్చింది, ఆ తర్వాత విమానయానం ఇంకా భద్రంగానే మారింది. ఇదంతా నిజమే.

కానీ నా దృష్టిలో అసలు మలుపు 2009 జూన్ 1. రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447లో కెప్టెన్ విశ్రాంతికి వెళ్లాడు, ఇద్దరు కో పైలట్లు సీట్లలో ఉన్నారు. వేగం కొలిచే పిటాట్ గొట్టాల్లో మంచు పేరుకుంది, రీడింగులు పొంతన లేకుండా పోయాయి, ఆటోపైలట్ ఉన్నట్టుండి తప్పుకుంది. అప్పటిదాకా మెషీన్ మోస్తున్న పనంతా అర్ధరాత్రి దాటాక, తుపాను మేఘాల మధ్య, ఒక్క క్షణంలో మనుషుల మీద పడింది. ఒక పైలట్ విమానం ముక్కు పైకి లేచేలా స్టిక్‌ను వెనక్కి లాగాడు. రెక్కలు విమానాన్ని గాలిలో నిలిపే పట్టు కోల్పోతున్నాయని చెప్పే స్టాల్ హెచ్చరిక ఆగకుండా 54 సెకన్లు మోగింది. ఆ తర్వాత వేగం మరీ పడిపోయేసరికి కంప్యూటర్ ఆ లెక్కలు చెల్లవనుకుని హెచ్చరిక ఆపేసింది, ముక్కు దించితే మళ్లీ మోగేది. అంటే సరైన పని చేసినప్పుడే మెషీన్ అరిచింది. దాదాపు నిమిషంలో రీడింగులు కుదుటపడ్డాయి, కానీ విమానం తేరుకోలేదు. మొత్తం నాలుగున్నర నిమిషాల లోపే సముద్రంలో పడింది, 228 మంది పోయారు.

ఇద్దరుండీ పడిపోయింది కదా అని ఒక్క పైలట్ చాలనేవాళ్లు అంటారు. నిజానికి ఇప్పటి గొడవకు ముఖ్యమైంది మూడో మనిషి సంగతి. పిలిస్తే కెప్టెన్ వచ్చాడు, ఆటోపైలట్ తప్పుకున్న దాదాపు నిమిషంన్నరకే, వచ్చినా ఏం జరుగుతోందో అందలేదు. ఇప్పుడు మనల్ని నమ్మమంటున్న ఏర్పాటు సరిగ్గా ఇదే కదా, పడుకున్న మనిషి వచ్చి ఆదుకోవడం!

ఇలాంటి ప్రమాదం గురించి మనస్తత్వ శాస్త్రవేత్త లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే రాసింది. తేలిక పనులన్నీ మెషీన్‌కిచ్చి, కష్టమైనవి మాత్రం అలవాటు తప్పిన మనిషికి వదిలేస్తున్నామని.

దీనికి ఎదురు ఉదాహరణ 2010 నవంబర్ 4న కనిపిస్తుంది. సింగపూర్‌లో బయల్దేరిన కాసేపటికే క్వాంటాస్ 32 విమానం ఇంజిన్లలో ఒకటి పేలింది. కాక్‌పిట్‌లో ఐదుగురు పైలట్లు ఉన్నారు, ఇద్దరు తనిఖీ కోసం వచ్చినవాళ్లు, రోజూ అంతమంది ఉండరు, ఒప్పుకుంటాను. కానీ పని ఎలా పంచుకున్నారో చూడండి. కెప్టెన్ విమానం నడుపుతుంటే, కో పైలట్ స్క్రీన్ మీద వరదలా వస్తున్న సందేశాలను ఒక్కొక్కటే సరిచూశాడు, దానికే దాదాపు 50 నిమిషాలు పట్టింది. ఇంకొకరు క్యాబిన్‌లోకి వెళ్లి దెబ్బలు కళ్లారా చూశారు. దిగేందుకు రన్‌వే చాలుతుందా అని లెక్క వేస్తే కంప్యూటర్ మొదట జవాబే ఇవ్వలేదు, రన్‌వే పొడిగా ఉందని గుర్తించి తడి రన్‌వే అన్న అంశం తీసేస్తే 139 మీటర్లు మిగులుతుందని తేలింది. 469 మందీ బతికారు.

ఇప్పటి కాక్‌పిట్లలో ఒక్కరితో నడిపితే ఇద్దరితో సమానమైన భద్రత ఉంటుందని తగినంతగా చూపించలేమని యూరప్ విమాన భద్రతా సంస్థ ఈఏఎస్‌ఏ అధ్యయనం 2025లో చెప్పింది. కొత్త కాక్‌పిట్లు తెస్తామనేవాళ్లు ముందు తేల్చాల్సింది ఒకటే. నిద్రలేచిన పైలట్‌కు పరిస్థితి పూర్తిగా అందడానికి ఎంతసేపు పడుతుంది, అంతసేపూ మెషీన్ పనిని చేతిలోంచి జారవిడవకుండా ఉంటుందా?