జరం ఇడిసిందని గ్రౌండుకు పోకండి: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో తెల్లవారుజామున ఐదింటికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు పక్కగా వెళ్తే చీకట్లోనే బూట్ల చప్పుడు వినిపిస్తుంది. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారయ్యేవాళ్లు కొందరు, ఆర్మీ ర్యాలీకి కొందరు, జిల్లా జట్టులో చోటు కోసం క్రికెట్, హాకీ ఆడే పిల్లలు ఇంకొందరు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో కొట్టాలి. చేతిలో స్టాప్‌వాచ్, తలలో పరీక్ష తేదీ. వీళ్లు జ్వరమొస్తే మూడు రోజులు పడుకోవడమే గొప్ప. నాలుగో రోజు "జరం ఇడిసింది సార్" అని మళ్లీ గ్రౌండులో ఉంటారు.

గుండె డాక్టరుగా నాకు భయమేసేది ఆ నాలుగో రోజే. వానలు పడి డెంగీ, వైరల్ జ్వరాలు మొదలయ్యాక ప్రతి ఏడాదీ ఓపీలో వినే మాటలు కొన్ని, వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నా.

అపోహ: జ్వరం తగ్గిందంటే రోగం పోయినట్టే.

జ్వరం తగ్గడం ఒకటి, గుండె కోలుకోవడం ఇంకొకటి. కొన్ని వైరస్‌లు గొంతుతోనో పేగులతోనో ఆగవు, గుండె కండరంలోకీ వెళ్తాయి. కాక్సాకీ బి, అడినో, పార్వో బి19, ఫ్లూ, కోవిడ్, మన దగ్గరైతే డెంగీ, చికున్‌గున్యా కూడా. 2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు మన సీమ ఊళ్లలో అందరికీ గుర్తుండిపోయింది కీళ్ల నొప్పులే. అదే వైరస్ అరుదుగా గుండెనూ పట్టుకుంటుంది.

వైరస్ చేసే నష్టం సగమే. దాన్ని తరుముతూ వచ్చే మన రోగనిరోధక కణాలు కండరాన్ని కూడా దెబ్బతీస్తాయి. ఈ వాపునే మయోకార్డైటిస్ అంటాం. చిక్కేమిటంటే, ఇది తరచు జ్వరం పోయాక, వారం నుంచి మూడు వారాల మధ్య బయటపడుతుంది. అంటే ఒళ్లు తేలికపడి, తిండి సయించి, "ఇంక పరిగెత్తొచ్చు" అనిపించే రోజుల్లో.

వాచిన కండరంలో కరెంటు సరిగ్గా పారదు. విశ్రాంతిగా ఉంటే ఎలాగో నెట్టుకొస్తుంది. పరుగులో అడ్రినలిన్ ఎక్కి, గుండె నిమిషానికి 180 సార్లు కొట్టుకునేటప్పుడు లయ తప్పే ప్రమాదం ఎక్కువ. కాక్సాకీ వైరస్ ఎక్కించిన ఎలుకలను బలవంతంగా ఈదించి చూశారు. ఊరికే ఉంచిన ఎలుకలకంటే వాటి గుండెల్లో వైరస్ చాలా రెట్లు పెరిగింది, చావులూ పెరిగాయి. మనిషి ఎలుక కాదు, నిజమే. కానీ మనుషులతో ఆ ప్రయోగం చేసి చూడలేం కదా.

అపోహ: నాలుగు రౌండ్లు కొట్టి చెమట పట్టిస్తే జ్వరం దిగిపోతుంది.

దిగదు. ఒంట్లో నీళ్లు మాత్రం పోతాయి. డెంగీలో అది మరీ చేటు. పారాసిటమాల్ వేసుకుని పరిగెత్తడం ఇంకో తెలివి. మాత్ర జ్వరాన్ని దాచిపెడుతుంది, అంతే.

అపోహ: ఇరవై రెండేళ్లవాడికి గుండె జబ్బేమిటి? గ్యాస్ అయ్యుంటుంది.

దీని దగ్గర కాస్త ఆగుతాను. ఎందుకంటే మన జిల్లాలో గుండెకు నిజమైన శత్రువు ఈ గ్యాస్ అనే మాటే.

కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. నాలుగు రోజులు జ్వరం, ఆరో రోజు మళ్లీ పరుగు. ఎదలో పట్టేసినట్టుందంటే ఊళ్లో గ్యాస్ సూది వేశారు. ఇంకో రెండు రోజులు అలాగే పరిగెత్తాడు. మూడో రోజు రెండో రౌండులో కళ్లు చీకట్లు కమ్మి కూర్చుండిపోయాడు. ఈసీజీలో తేడా ఉంది, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్) పెరిగింది, ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, పంపింగ్ నలభై శాతం. మామూలుగా యాభై ఐదు పైన ఉండాలి. వాళ్లమ్మ నమ్మలేదు. "దినామూ ఆరు మైళ్లు ఉరుకుతాడు సామీ, వానికి గుండె జబ్బు ఎట్లొస్తాది?" అంది. ఆమె మాటలో తర్కం ఉంది. కానీ ఈ జబ్బు కొవ్వు పేరుకుని రక్తనాళం మూసుకుపోయేది కాదు. దీనికి బీపీ, షుగర్, సిగరెట్ అక్కర్లేదు. పైగా ఇది ఎక్కువగా కనిపించేది కుర్రవాళ్లలోనే, అందులోనూ మగపిల్లల్లో.

జ్వరం వచ్చిపోయిన నెలలోపు వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గ్యాస్ అనుకోకండి: ఎదలో నొప్పి లేదా బిగువు, అంతకుముందు సులువుగా చేసిన దూరానికే ఆయాసం, ఊరికే గుండె దడ, కాళ్ల వాపు. పరుగులో కళ్లు తిరిగి పడిపోవడం వీటన్నిటికంటే పెద్ద సంకేతం. పరుగు ఆగాక కాదు, పరుగు మధ్యలో పడిపోతే ఆ రోజే ఈసీజీ తీయించాలి. ఇంకో చిన్న కొలత కూడా ఉంది. పొద్దున లేవగానే మంచం మీదే నాడి లెక్కపెట్టుకునే అలవాటుంటే, రోజూ ఉండేదానికంటే పది ఎక్కువ కనిపించినా ఆ రోజు ప్రాక్టీస్ మానేయండి. (బడి పిల్లల్లో గొంతు నొప్పి తర్వాత ఒక్కో కీలూ మారి మారి వాస్తే అది వేరే కథ, రుమాటిక్ జ్వరం. బ్యాక్టీరియా వల్ల వచ్చేది. దానికి పెన్సిలిన్ ఉంది. దాన్నీ దీన్నీ కలపకండి.)

అపోహ: ఇదంతా కోవిడ్ తర్వాత, టీకాల వల్ల మొదలైంది.

స్వీడన్‌లో మ్యాపు పట్టుకుని అడవిలో దారి వెతుక్కుంటూ పరిగెత్తే ఆట ఒకటుంది, ఓరియెంటీరింగ్. 1979 నుంచి 1992 మధ్య ఆ ఆటలో 16 మంది యువ క్రీడాకారులు హఠాత్తుగా చనిపోయారు. శవపరీక్షల్లో గుండె కండరం వాపు ఆనవాళ్లు ఊహించనంత ఎక్కువగా కనిపించాయి. అక్కడ అనుమానం ఒక బ్యాక్టీరియా మీద పడింది. చివరికి కొన్ని నెలలు పోటీలే ఆపేశారు. అప్పటికి కోవిడ్ లేదు, కోవిడ్ టీకా లేదు.

కోవిడ్ లెక్కలు కూడా చూద్దాం. అమెరికాలో వైరస్ సోకిన 1,597 మంది కాలేజీ క్రీడాకారులకు గుండె ఎంఆర్ఐ తీస్తే 37 మందిలో, అంటే 2.3 శాతంలో, మయోకార్డైటిస్ కనిపించింది. అందులో లక్షణాలున్నవాళ్లు తొమ్మిది మందే. ఈ లెక్కను రెండువైపులా చదవాలి. ఎక్కువమందికి ఏమీ కాలేదు. అయిన వాళ్లలో ఎక్కువమందికి తెలియనే లేదు.

టీకా సంగతి దాచాల్సింది కాదు. ఎంఆర్ఎన్ఏ టీకాల (ఫైజర్, మోడర్నా లాంటివి) తర్వాత అరుదుగా, ఎక్కువగా కుర్రవాళ్లలో, మయోకార్డైటిస్ వచ్చింది. కానీ మన జిల్లాలో దాదాపు అందరూ వేయించుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్ ఆ రకం కావు. 18-45 ఏళ్లవాళ్ల ఆకస్మిక మరణాల మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 47 ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. టీకా ముప్పు పెంచలేదని తేలింది. పెంచినవి వేరే: గతంలో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, ఇంట్లో ఎవరైనా అలా హఠాత్తుగా పోయి ఉండటం, చనిపోయే ముందు రెండు రోజుల్లో మితిమీరి తాగడం లేదా తీవ్రమైన వ్యాయామం. ఫోన్లో తిరిగే వీడియోలు ఈ చివరి ముక్క చెప్పవు.

అపోహ: ఎకో నార్మల్ వచ్చింది, ఇంక భయం లేదు.

మొదట్లో నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. ఎకో బాగుంటే భుజం తట్టి పంపేసేవాణ్ణి. పంపింగ్ బాగున్నా కండరంలో వాపో మచ్చో ఉండొచ్చు. అది గుండె ఎంఆర్ఐలో కనిపిస్తుంది. ఆ మచ్చ దగ్గరే లయ తప్పే అవకాశం. ఇప్పుడు లక్షణాలున్న క్రీడాకారుడికి ఈసీజీ, ట్రోపోనిన్, ఎకో మూడూ చేయిస్తాను. అనుమానం తీరకపోతే ఎంఆర్ఐకి పంపుతాను. ఖర్చు, ప్రయాణం రెండూ బరువే అని తెలుసు. అందుకే అందరికీ రాయను.

అపోహ: అయితే ప్రతి జ్వరానికీ గుండె పరీక్షలు చేయించాలి.

వద్దు. ఈ పోస్టు చదివి రేపు పొద్దున జలుబుతో ఓపీకి రాకండి. ముక్కు కారడం, గొంతు గరగర మాత్రమే ఉంటే తేలికపాటి వ్యాయామం ఫర్వాలేదు. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే పూర్తిగా ఆపండి. జ్వరం పోయి, మెట్లెక్కడం, పొలం పని, సైకిల్ తొక్కడం ఆయాసం లేకుండా చేయగలిగాకే మొదలుపెట్టండి. ముందు నడక, తర్వాత నెమ్మది పరుగు, టైం పెట్టుకుని కొట్టడం అన్నిటికంటే చివర. దీనికి వారం పైనే తీసుకోండి. డెంగీ అయితే ఇంకా ఎక్కువ.

అపోహ: మయోకార్డైటిస్ అని రాస్తే కెరీర్ ముగిసినట్టే.

కోచ్‌లు, తండ్రులు ఎక్కువగా పట్టుకునేది ఈ భయమే. అందుకే పిల్లలు నొప్పి దాస్తారు. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పోటీ ఆటలకు దూరం. ఆ తర్వాత ట్రోపోనిన్, ఎకో, 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ), ట్రెడ్‌మిల్ పరీక్ష సరిగ్గా ఉంటే మళ్లీ ఆడొచ్చు. బేస్‌బాల్ పిచ్చర్ ఎడ్వర్డో రోడ్రిగేజ్‌కు కోవిడ్ తర్వాత మయోకార్డైటిస్ వచ్చి 2020 సీజన్ మొత్తం పోయింది. మరుసటి ఏడాది బంతి పట్టాడు. ఫుట్‌బాల్ ఆటగాడు అల్ఫోన్సో డేవిస్‌కు 2022 జనవరిలో తేలికగా వచ్చింది. ఏప్రిల్‌కు బయర్న్ మ్యూనిక్ తరఫున మైదానంలో ఉన్నాడు.

మన కళ్యాణదుర్గం అబ్బాయికి ఆరు నెలలు పట్టింది. ఆ ఈవెంట్స్ పోయాయి. ఆ తర్వాతి నోటిఫికేషన్‌లో పరుగు సునాయాసంగా పాసై, రాతపరీక్షలో పోగొట్టుకున్నాడు. దానికి నా దగ్గర మందు లేదు.

అపోహ: గ్రౌండులో పడి కొట్టుకుంటే ఫిట్స్. చేతిలో తాళంచెవి పెట్టాలి, ఉల్లిపాయ వాసన చూపించాలి.

గుండె ఆగినవాడు కూడా మొదటి కొన్ని సెకన్లు ఫిట్స్ వచ్చినవాడిలాగే కొట్టుకోవచ్చు. ఇనుము కోసం పరిగెత్తే ఆ రెండు నిమిషాల్లో ప్రాణం పోతుంది. భుజం తట్టి పిలవండి. పలకకపోతే, ఊపిరి సరిగ్గా ఆడకపోతే లేదా ఎగశ్వాసలా ఉంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు ఛాతీ మధ్య ఎముక మీద రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టి, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100-120 సార్లు నొక్కాలి. నీళ్లు తాగించొద్దు, లేపి కూర్చోబెట్టొద్దు. దగ్గరలో షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం ఉంటే తెప్పించండి, అదే చెప్తుంది ఏం చేయాలో. రెండు నిమిషాలకే నొక్కేవాడి చేతులు పడిపోతాయి. అప్పుడు పక్కవాడు అందుకోవాలి, అంబులెన్సు వచ్చేదాకా.