ఒకే నమూనా, పది బ్యాండ్లు: ప్రోటీన్ జెల్ గురించి అపోహలు - వాస్తవాలు

ఇందుకూరుపేట, అల్లూరు వైపు చెరువుల నుంచి వచ్చే వెనామీ రొయ్యల రక్తంలో ప్రోటీన్లు చూడడం నా పని. నమూనాను జెల్ అనే మెత్తటి పలక పైభాగంలోని చిన్న గుంటల్లో (వెల్స్) వేసి కరెంటు పారిస్తే, ప్రోటీన్లు బరువును బట్టి విడిపోయి, రంగు వేశాక చారలుగా (బ్యాండ్లు) కనిపిస్తాయి. అందులో పెద్ద వాటా హీమోసయనిన్‌దే. రాగి సాయంతో ఆక్సిజన్‌ను మోసే ఈ ప్రోటీన్, జెల్ మీద సుమారు 75 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువును చెప్పే కొలమానం) దగ్గర దట్టమైన నీలి బ్యాండుగా కనిపిస్తుంది. ఆ బ్యాండు ముదురుగా ఉంటే రొయ్య ఆరోగ్యంగా ఉందనీ, పలచబడితే జబ్బనీ ఒక్క జెల్ చూసి తేల్చేసిన నివేదికలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ మాట నమ్మి రైతు మేత మారుస్తాడు, అప్పు చేసి మందు కొంటాడు.

అపోహ: ఒకే నమూనాను ఎన్ని వెల్స్‌లో వేసినా ఒకే అంకె వస్తుంది.

రాదు. కొత్తగా చేరిన విద్యార్థుల చేత నేను ముందుగా చేయించే పని ఇదే. ఒకే ట్యూబులోని నమూనాను పది వెల్స్‌లో, వెల్‌కు 5 మైక్రోలీటర్ల చొప్పున వేయమంటాను. రంగు వేసి, స్కాన్ చేసి, పది బ్యాండ్ల సాంద్రత, అంటే ఎంత ముదురుగా ఉన్నాయో, రాసుకోమంటాను. పది అంకెలు పది రకాలుగా వస్తాయి. తామేదో తప్పు చేశామని పిల్లలు కంగారు పడతారు. తప్పేమీ లేదు, కొలత స్వభావమే అది.

నమూనాలో కలిపే బఫర్ అనే ద్రావణంలో గ్లిసరాల్ ఉంటుంది. అది చిక్కగా ఉండి పైపెట్ టిప్పు లోపలి గోడకు అంటుకుంటుంది. బయట ఒక చిన్న చుక్క వేలాడుతుంది. 5 మైక్రోలీటర్లలో అర మైక్రోలీటరు తేడా పడితే అక్కడే 10 శాతం పోయింది. నిదానంగా పీల్చి, టిప్పు అంచును ట్యూబు గోడకు ఆనించి తీస్తే ఇది చాలా తగ్గుతుంది. ఇక వేడి సంగతి. కరెంటు పారేటప్పుడు జెల్ అంచుల కంటే నడిమి భాగం ఎక్కువగా వేడెక్కుతుంది, అక్కడి ప్రోటీన్లు ముందుకు ఉరుకుతాయి, బ్యాండ్ల వరుస నవ్వే పెదవిలా వంగుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు ఏసీ లేని గదిలో ఇది మరీ ఎక్కువ. అప్పుడు జెల్ చుట్టూ పోసే బఫర్‌ను చల్లబరిచి వాడాలి, వోల్టేజీ తగ్గించాలి, ఓపిక పట్టాలి.

పది అంకెల సగటు కట్టి, అవి ఎంత చెదిరాయో చూడండి. ఆ చెదురు 15 శాతం ఉన్నప్పుడు, చెరువుకు ఒక్క వెల్ వేసి చూపించిన 10 శాతం తేడాను తేడా అనడానికి వీల్లేదు.

అపోహ: కొలతలు సరిగ్గా ఉంటే ఎప్పుడు పోసినా అదే జెల్.

జెల్ గట్టిపడడానికి కలిపే అమ్మోనియం పర్‌సల్ఫేట్ పొడి తేమకు బలహీనపడుతుంది, మనది సముద్రపు గాలి. మంచి పొడి మీద నీళ్లు పోస్తే సన్నగా చిటపటమంటుంది. ఆ చప్పుడు లేకపోతే నేను ఆ సీసా పక్కన పెట్టేస్తాను. జెల్ గట్టిపడే తీరు మారితే దాని రంధ్రాలూ, ప్రోటీన్ల నడకా మారతాయి. అందుకే నిన్నటి జెల్ అంకెను నేటి జెల్ అంకె పక్కన నేరుగా పెట్టకూడదు. ఒక మంచి నమూనాను చిన్న చిన్న వంతులుగా గడ్డకట్టించి దాచుకుని, ప్రతి జెల్‌లోనూ ఒక వంతు నడిపి, మిగతా అంకెలను దానితో పోల్చి రాయాలి.

అపోహ: మార్కర్‌లో (బరువులు ముందే తెలిసిన ప్రోటీన్ల వరుసలో) ఏ అంకె పక్కన ఆగితే అదే అణుభారం.

1970లో లేమ్లీ అనే శాస్త్రవేత్త ప్రచురించిన పద్ధతినే మనం ఇప్పటికీ వాడుతున్నాం. గ్రాము ప్రోటీన్‌కు సుమారు 1.4 గ్రాముల ఎస్‌డీఎస్ (ప్రోటీన్‌కు రుణావేశం ఇచ్చే సబ్బు లాంటి పదార్థం) అంటుకుంటుందన్న నమ్మకం మీద ఆ లెక్క నడుస్తుంది. చక్కెరలు మోసే ప్రోటీన్లకు అంత అంటదు, అవి వెనకబడి ఉన్నదానికంటే బరువుగా కనిపిస్తాయి. మన రొయ్యలోని ట్రోపోమయోసిన్ అనే కండర ప్రోటీన్‌కే చక్కెరల ఊసు లేకుండా ఈ తేడా ఉంది. దాని అమైనో ఆమ్లాలు 284, లెక్క ప్రకారం 33 కిలోడాల్టన్లు, జెల్ మీద మాత్రం 36 దగ్గర ఆగుతుంది. “సుమారు” అన్న మాట నివేదికలో తప్పక రాయండి.

అపోహ: బ్యాండు రెట్టింపు ముదురైతే ప్రోటీన్ రెట్టింపు.

కొంత మేరకే. జెల్‌కు వేసే నీలి కూమాసీ రంగు ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాల్లో ముఖ్యంగా ఆర్జినిన్‌ను, కొంత లైసిన్, హిస్టిడిన్‌లను పట్టుకుంటుంది. కాబట్టి రెండు వేర్వేరు ప్రోటీన్లు సమానంగా ఉన్నా రంగు సమానంగా ఉండదు. హీమోసయనిన్ లాంటి దట్టమైన బ్యాండులో స్కానర్ కూడా చేతులెత్తేస్తుంది. నమూనాను సగానికి, పావుకు పలచన చేసి పక్క వెల్స్‌లో నడపండి. అంకెలు అదే వరుసలో తగ్గితేనే నమ్మండి. వెండితో రంగు తెప్పించే సిల్వర్ స్టెయిన్ చూడడానికి గొప్పది, కొలవడానికి కాదు. ఫోనుతో తీసిన ఫొటో అసలు వద్దు, వెలుగును అది తనకు తోచినట్టు సర్దేస్తుంది.

అపోహ: మూడు వెల్స్ వేశాం, అంటే మూడు సార్లు చేసినట్టే.

ఒకే రొయ్య రక్తాన్ని మూడు వెల్స్‌లో వేస్తే మీ చేతి నిలకడ తెలుస్తుంది, చెరువు సంగతి తెలియదు. దానికి వేర్వేరు రొయ్యలు కావాలి. పైగా మౌల్టింగ్ (పెంకు విడిచే) దశను బట్టి రక్తంలోని ప్రోటీన్ సహజంగానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అమావాస్య, పౌర్ణమిల దగ్గర రొయ్యలు ఎక్కువగా మౌల్టింగ్‌కు వస్తాయని రైతులు ముందే లెక్కపెట్టుకుంటారు. వాళ్ల దగ్గర నేర్చుకుని, ట్యూబు మీద చెరువు నంబరు, తేదీతో పాటు పెంకు గట్టిదా మెత్తదా అన్నది కూడా రాయిస్తున్నాను.